కొలెస్ట్రాల్ బిళ్ల నాకు నిజంగా అవసరమా? మూడు వారాలు వేసుకుని మానేశాను

సాగరతీరం52
నాకు 52 ఏళ్లు. ఇల్లు మద్దిలపాలెం, ఉద్యోగం ఓడరేవు వైపు. సిగరెట్టు, మద్యం అలవాట్లు లేవు. ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో ఈసారి మొత్తం కొలెస్ట్రాల్ 231, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 152, హెచ్‌డీఎల్ (మంచిది) 41, ట్రైగ్లిజరైడ్లు 190 వచ్చాయి. మూడు నెలల సగటు షుగరు 5.9. బీపీ 136/86. ఆ కాగితాలు పట్టుకుని ఒక గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లాను. బయట గంటన్నర కూర్చున్నాను, లోపల రెండు నిమిషాలు. ఆయన కాగితం వంక చూశారు కానీ నా వంక చూడలేదు. రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి) రాసి "జీవితాంతం వేసుకోవాలి" అన్నారు. ఎందుకండీ అని అడిగితే "గుండెపోటు రాకుండా" అన్నారు. అంతే.

రెండో వారం నుంచి తొడలు, పిక్కలు బరువెక్కాయి. మా అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోయిన రోజు మూడో అంతస్తు ఎక్కలేక మధ్యలో మెట్ల మీద కూర్చున్నాను. మూడు వారాలకు మానేశాను. ఫోను చేస్తే "నొప్పులకు వేరే బిళ్ల రాస్తాం, ఇది మాత్రం మానవద్దు" అని కాంపౌండరు చేత చెప్పించారు. ఒక మందు తెచ్చిన నొప్పికి ఇంకో మందు!

ఫోనులో వెతికితే ఒకరు అమృతం అంటారు, ఒకరు కంపెనీల కుట్ర అంటారు. నాకు ఏ జబ్బూ లేదు. ఒక అంకె ఎక్కువ వచ్చినందుకు ముప్ఫై ఏళ్లు రోజూ బిళ్ల మింగాలా? వేసుకుంటున్నవారు, మానేసినవారు ఇద్దరూ చెప్పండి.

మెంతులు_వెల్లుల్లి
మానేసి మంచి పని చేశారు. కొలెస్ట్రాల్ శరీరానికి శత్రువు కాదు. మెదడుకు, హార్మోన్లకు అదే ముడిసరుకు. దాన్ని తయారు చేసే కాలేయాన్నే నొక్కేస్తే కాళ్లు నొప్పులు పుట్టక ఏమవుతాయి? రాత్రి నానబెట్టిన మెంతులు, పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు. నేను ఆరేళ్లుగా ఇంతే.

ఉక్కునగరం_నివాసి
ఆరేళ్ల క్రితం మీ ఎల్‌డీఎల్ ఎంత, ఇప్పుడెంత? అది చెప్పకుండా మెంతులు అంటే ఎలా?

నా సంగతి చెబుతాను. 2016లో రాత్రి షిఫ్టులో ఉండగా ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నాను. తెల్లారేసరికి స్టెంటు పడింది. అప్పటి నుంచి అటోర్వాస్టాటిన్ 40 ఒక్క పూట కూడా మానలేదు. మోకాళ్లు నొప్పిగా ఉంటాయి, ఉండనీ. 61 ఏళ్లకు ఎవరికి ఉండవు? మనవరాలిని భుజాన ఎక్కించుకుని కైలాసగిరి తిరుగుతున్నాను. నాకు అది చాలు.

సాగరతీరం52
అయ్యా, మీకు వచ్చి తగ్గింది. నాకు రాలేదు. నా ప్రశ్న అక్కడే ఉంది.

లెక్కల_మాస్టారు
ప్రశ్న సరైన చోటే ఉంది. ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టడం వల్లే ఇన్ని గొడవలు. నేను వైద్యుడిని కాదు, ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాడిని. అందుకని లెక్క వరకే చెబుతాను.

1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది మీద సిమ్వాస్టాటిన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. వాళ్లందరూ అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ల, అంటే చూడటానికి అలాగే ఉండి లోపల మందు లేనిది. అయిదేళ్లు దాటాక చూస్తే ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 256 మంది, మందు వేసుకున్నవాళ్లలో 182 మంది చనిపోయారు. వందకు పన్నెండు మంది పోవలసిన చోట ఎనిమిది మంది పోయారన్నమాట. దీన్నే "30 శాతం తగ్గింది" అంటారు.

మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో 6,595 మంది మగవాళ్ల మీద ప్రవాస్టాటిన్ పరీక్ష వచ్చింది. వాళ్లకు అంతకుముందు గుండెపోటు రాలేదు. అంటే సాగరతీరం గారి లాంటివాళ్లు, కాకపోతే వాళ్ల ఎల్‌డీఎల్ ఇంకా ఎక్కువ. అయిదేళ్లలో గుండెపోటు గానీ, గుండె జబ్బుతో చావు గానీ వందకు 7.9 నుంచి 5.5కు తగ్గింది. ఇదీ "31 శాతం తగ్గింపు"గానే పత్రికలకెక్కింది.

రెండు చోట్లా ముప్ఫయ్యే. కానీ మొదటిచోట వందకు నలుగురు బతికారు, రెండోచోట వందకు ఇద్దరికో ముగ్గురికో జబ్బు తప్పింది. మిగిలిన 97 మంది అయిదేళ్లు రోజూ బిళ్ల మింగినా వాళ్ల విషయంలో తేడా ఏమీ లేదు. ఆ 97లో మీరుంటారా, ఆ ముగ్గురిలో ఉంటారా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి మీకు చెప్పి, నిర్ణయం మీ చేత చేయించవలసిన వైద్యుడు "గుండెపోటు రాకుండా" అని నాలుగు అక్షరాల్లో తేల్చేశారు. నాకు కోపం మందు మీద కాదు, ఆ తేల్చేయడం మీద.

వంజరం_పులుసు
మాస్టారూ, మీరు మా బళ్లో ఉండి ఉంటే నేను లెక్కల్లో పాసయ్యేవాణ్ణి.

సింహగిరి_మెట్లు
నొప్పుల సంగతి నేను చెబుతాను. రెండేళ్ల క్రితం జూన్‌లో నాకు అటోర్వాస్టాటిన్ 10 మొదలుపెట్టారు. ఆషాఢ పౌర్ణమికి ఎప్పటిలాగే సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను. 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. మర్నాడు మంచం దిగలేకపోయాను. ఇంట్లో అందరూ "ఆ బిళ్ల వల్లే" అన్నారు, నేనూ నమ్మాను. పరీక్ష చేయిస్తే సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) బాగా ఎక్కువ వచ్చింది. వైద్యుడు "ఈ వారంలో ఏం చేశారు?" అని అడిగారు. చెప్పాను. "పదిహేను రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ చేయించండి" అన్నారు. మామూలైపోయింది. బిళ్ల ఇప్పటికీ వేసుకుంటున్నాను. నిరుడు ప్రదక్షిణకు ముందు వైద్యుణ్ణి అడిగి నాలుగు రోజులు ఆపాను.

సాగరతీరం గారూ, ఆ వారాల్లో మీరు కొత్తగా ఏదైనా శ్రమ మొదలుపెట్టారా?

సాగరతీరం52
రిపోర్టు చూసి భయపడి బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టిన మాట నిజమే. తెల్లవారుజామున వాహనాలు ఆపేసే వేళ రోజూ అయిదు కిలోమీటర్లు. కానీ నడక వల్ల అంత బరువు వస్తుందా?

తెల్లకోటు_విశాఖ
జనరల్ మెడిసిన్ చేస్తున్నాను. ఇక్కడి మాటలు చికిత్స కావు, దయచేసి గుర్తుంచుకోండి.

కొత్తగా నడక మొదలుపెడితే రెండు వారాలు పిక్కలు పట్టేయడం మామూలే. స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి కూడా ఉంది, అది అబద్ధం కాదు. సాధారణంగా రెండు వైపులా, పెద్ద కండరాల్లో, మొదలుపెట్టిన కొన్ని వారాల్లో వస్తుంది. మీ వర్ణన రెండింటికీ సరిపోతుంది.

2020లో లండన్‌లో ఒక చిన్న పరీక్ష చేశారు. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు అటోర్వాస్టాటిన్ 20, కొన్ని నెలలు అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల, కొన్ని నెలలు ఖాళీ సీసా. ఏ బిళ్ల ఏదో వాళ్లకు తెలియదు. రోజూ బాధకు సున్నా నుంచి వంద దాకా మార్కులు వేసుకోమన్నారు. ఖాళీ నెలల్లో సగటు 8. మందు నెలల్లో 16.3. ఉత్తుత్తి బిళ్ల నెలల్లో 15.4! బిళ్ల మింగుతున్నామన్న భయమే ఆ బాధలో తొంభై శాతం మోసింది. ఆ ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు.

మెంతులు_వెల్లుల్లి
అంటే మాకు నొప్పి లేదు, అంతా భ్రమ అంటారా? ఇదే వైద్యులతో వచ్చిన చిక్కు.

తెల్లకోటు_విశాఖ
భ్రమ అనలేదు. పదహారు మార్కుల నొప్పి నిజం. దాని కారణం ఏదన్నదే ప్రశ్న. మీ కాలు నొప్పిగా ఉందంటే నేను నమ్ముతాను. మందు వల్లేనా అని మాత్రం మీతో కలిసి వెతుకుతాను.

పరవాడ_రసాయనం
పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నా జీతం ఈ పరిశ్రమ నుంచే వస్తుంది. అయినా అనుమానం ఉండాలనే అంటాను.

ఈ మందు పుట్టుక చాలామందికి తెలియదు. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో బూజుల్లో వెతికాడు. బూజు తన శత్రు సూక్ష్మజీవులను కొలెస్ట్రాల్ లాంటి పదార్థం తయారు చేసుకోనివ్వకుండా ఆపుతుందేమో అని ఆయన ఆలోచన. వేల రకాలు చూశాక బియ్యం మీద పెరిగిన నీలిఆకుపచ్చ బూజులో దొరికింది. పెన్సిలిన్ కుటుంబపు బూజే. 1987లో లోవాస్టాటిన్ అమెరికా బజారుకు వచ్చింది. ఎండో 2024లో కన్నుమూశారు.

మరో వైపు కూడా చెప్పాలి. సెరివాస్టాటిన్ అనే మందును 2001లో బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. కండరాలు కరిగి, ఆ చెత్త మూత్రపిండాలను అడ్డుకుని పదుల మంది చనిపోయారు. జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో కొవ్వు మందుతో కలిపి వేసుకున్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువైంది. కాబట్టి నొప్పి అన్న మనిషిని "ఏమీ కాదు" అని పంపేయడం తప్పు. మూత్రం కోలా రంగులోకి మారితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది ప్రతి చీటీ మీద రాయాలి, ఎవరూ రాయరు.

మెంతులు_వెల్లుల్లి
చూశారా, పరిశ్రమ మనిషే చెబుతున్నారు. నేను ఇప్పుడు చైనా ఎర్రబియ్యం బిళ్లలు కూడా వాడుతున్నాను. పూర్తిగా సహజం. మందు కాదు.

పరవాడ_రసాయనం
ఆ ఎర్రబియ్యం కూడా బూజు పట్టించి చేసేదే. అందులో పనిచేసే పదార్థం మొనాకోలిన్ కె. అణువు తీసి చూస్తే అది లోవాస్టాటినే. మీరు స్టాటిన్ వేసుకుంటున్నారు, కాకపోతే ఎంత మోతాదో తెలియకుండా వేసుకుంటున్నారు. దయచేసి సీపీకే, కాలేయ పరీక్షలు చేయించుకోండి. వాదనలో గెలవడానికి చెప్పడం లేదు.

మెంతులు_వెల్లుల్లి
ఇది నాకు తెలియదు. సీసా మీద రాసి లేదు. చేయించుకుంటాను. మెంతుల విషయంలో మాత్రం నా మాట మారదు.

వంజరం_పులుసు
మెంతులు వదలకండి. పులుసులోకైనా కావాలి.

మందులకొట్టు_గాజువాక
పద్దెనిమిదేళ్లుగా కొట్టు నడుపుతున్నాను. నేను రోజూ చూసే పొరపాట్లు చెబుతాను. మొదటిది, "రక్తం పలుచన చేసే బిళ్ల ఇవ్వండి" అని స్టాటిన్ అడుగుతారు. రక్తం గడ్డకట్టకుండా చేసేది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. స్టాటిన్ పని కాలేయంలో. అక్కడ కొలెస్ట్రాల్ తయారీ తగ్గితే, కాలేయం తన మీద ఉన్న, ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. అయితే మూడూ కలిపిన గొట్టం (క్యాప్సూల్) కూడా వస్తుంది, అందుకే జనం తికమకపడతారు. పన్ను పీకించుకోవాలని ఆ గొట్టం మొత్తం మానేసి వచ్చిన స్టెంటు మనిషిని చూశాను. భయం వేసింది.

రెండోది, రిపోర్టులో ఎల్‌డీఎల్ తగ్గగానే "నయమైంది" అని ఆపేయడం. అది బిళ్ల వేసుకున్నందుకు తగ్గిన అంకె. ఆపితే కొన్ని వారాల్లో పాత చోటుకే వస్తుంది.

మూడోది సాగరతీరం గారికి. రోసువాస్టాటిన్ ఆసియా వాళ్ల రక్తంలో ఎక్కువగా నిలుస్తుందని తేలి, 2005లో అమెరికా మందుల సంస్థ ఆసియా మూలాల వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని సూచించింది. మీకు ఏకంగా 20 ఎందుకు రాశారో అడగవలసిన ప్రశ్న. పైగా స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది ఆరు శాతమే. తక్కువతో మొదలుపెడితే పోయేది పెద్దగా ఏమీ ఉండదు.

సాగరతీరం52
ఇది ఎవరూ చెప్పలేదు. నిజంగా ఇప్పుడే కోపం వస్తోంది.

అక్కయ్యపాలెం_అక్క
తమ్ముడూ, కోపం పక్కన పెట్టి నా మాట విను. మా పెద్దన్నయ్య నీలాగే అంకెలే తప్ప జబ్బు లేని మనిషి. షుగరు ఉంది, అది కూడా బిళ్లతో అదుపులో ఉంది. ఎవరో ఫోనులో పంపిన వీడియో చూసి, స్టాటిన్ వేస్తే మతిమరుపు వస్తుందని మానేశాడు. పదకొండు నెలలకు పెళ్లి పందిట్లో కూలబడ్డాడు. బతికాడు కానీ గుండె మూడోవంతే కొట్టుకుంటోంది. మానేసినందుకే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. మాస్టారు చెప్పినట్టు ఆ ముగ్గురిలో వాడు ఉన్నాడో లేదో దేవుడికే తెలుసు. కానీ ఇప్పుడు వాడు మాకు చెప్పేది ఒక్కటే, "నేను వైద్యుణ్ణి అడగలేదు, వీడియోను అడిగాను" అని.

నువ్వు ఒక విషయం రాయలేదు. మీ నాన్నగారు ఎలా ఉన్నారు?

సాగరతీరం52
అక్కా, ఆ ప్రశ్న ఆ వైద్యుడు కూడా అడగలేదు.

నాన్న లేరు. పూర్ణా మార్కెట్లో కిరాణా దుకాణం ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం గుండెల్లో మంట అన్నారు. గ్యాస్ అని సోడా తెప్పించి తాగించాం. సాయంత్రానికి పోయారు. అప్పటికి ఆయనకు 54. నాకు ఇరవై మూడు. గుండెపోటు అని ఎవరూ కాగితం మీద రాయలేదు కాబట్టి నేనూ అలా అనుకోలేదు. లేక అనుకోదలచుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఆ వయసుకు నేను రెండేళ్ల దూరంలో ఉన్నాను.

ఉక్కునగరం_నివాసి
అందరం సోడానే తాగించాం నాయనా. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో తెలిసింది అంతే. మొదట నేను కొంచెం కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకండి.

లెక్కల_మాస్టారు
అయితే లెక్క మారుతుంది. తండ్రికి 55 లోపు గుండెపోటు అంటే వైద్యులు దాన్ని విడిగా లెక్కేస్తారు. పైగా మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు త్వరగా వస్తుంది. 2004లో ప్రచురించిన 52 దేశాల అధ్యయనంలో మొదటి గుండెపోటుకు మనవాళ్ల సగటు వయసు 53, మిగతా ప్రపంచంలో దాదాపు 59. ముప్ఫై శాతం తగ్గింపు అన్నది మీ అసలు ప్రమాదం మీద ముప్ఫై శాతం. అసలు పెద్దదైతే లాభమూ పెద్దదే. నేను పైన రాసిన స్కాట్లండ్ లెక్కను మీకు ఉన్నదున్నట్టు వర్తింపజేయకండి.

సంపంగి_తోట
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అమ్మకు 79. గుండె జబ్బు ఎప్పుడూ లేదు. ఈ మధ్య జ్వరానికి వెళితే లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేసి అటోర్వాస్టాటిన్ కూడా కలిపేశారు. ఇప్పుడు మొత్తం తొమ్మిది బిళ్లలు. అమ్మకు అన్నం కంటే బిళ్లలే ఎక్కువయ్యాయి. ఇది అవసరమా?

తెల్లకోటు_విశాఖ
75 దాటి, ఇదివరకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ లేనివాళ్లలో లాభం ఎంతో గట్టిగా చెప్పగల ఆధారాలు తక్కువ. ఆ వయసువాళ్లను పరీక్షల్లో పెద్దగా చేర్చుకోలేదు. తొమ్మిది బిళ్లలూ ఒక కాగితం మీద రాసుకుని అమ్మగారిని ఒకే వైద్యుడికి చూపించండి, "వీటిలో ఏది తీసేయవచ్చు?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగే కుటుంబాలంటే నాకు గౌరవం. జ్వరానికి క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాశారేమో కూడా చూడండి, అది అటోర్వాస్టాటిన్‌తో పడదు.

సంపంగి_తోట
చీటీ తీసి చూశాను, అదే ఉంది. ఇప్పుడే ఫోను చేస్తున్నాను.

సింహగిరి_మెట్లు
షుగరు పెంచుతుందంటారు కదా? అది కూడా భ్రమేనా?

తెల్లకోటు_విశాఖ
కాదు, అది నిజం. 13 పరీక్షలు, 91 వేల మందిని కలిపి 2010లో చూశారు. 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే ఒకరికి అదనంగా మధుమేహం వస్తుంది. ఎక్కువగా సరిహద్దులో ఉన్నవాళ్లకే. సాగరతీరం గారి 5.9 సరిహద్దే. కాబట్టి మందు వేసుకున్నా మానుకున్నా నడక, తెల్లన్నం తగ్గించడం తప్పవు.

సాగరతీరం గారూ, కొత్త వైద్యుణ్ణి ఈ మూడూ అడగండి. థైరాయిడ్ చూశారా? అది మందగిస్తే కొలెస్ట్రాలూ పెరుగుతుంది, స్టాటిన్‌తో కండరాల నొప్పులూ ఎక్కువవుతాయి. సీపీకే చూశారా? సీటీ కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో పేరుకున్న సున్నాన్ని స్కానింగుతో కొలిచే అంకె) వల్ల మీకు ఉపయోగం ఉందా? సున్నా వస్తే చాలామంది కొన్నేళ్లు ఆగవచ్చు. అయితే తండ్రికి చిన్న వయసులో వచ్చినవాళ్లు సున్నాను చూసి మరీ నిశ్చింతగా ఉండకూడదు.

వంజరం_పులుసు
బీచ్ రోడ్డులో నడిచేవాళ్లకు నాదొక మనవి. నడిచాక ఆ బజ్జీల బండి దగ్గర ఆగకండి. ఆ నూనె చాలాచోట్ల పామాయిలే, అందులో సగం సంతృప్త కొవ్వు. నేను వంటవాడిని, నాకు తెలుసు. మురీ మిక్స్చరు తినండి, నూనె తక్కువ వేయించుకుని.

సాగరతీరం52
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. కొందరు విడిగా అడిగారు కాబట్టి.

వేరే వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. కాగితాలు పక్కన పెట్టి ముందు నాన్న గురించి అడిగారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. థైరాయిడ్ మామూలే. మందు మానేశాక సీపీకే కూడా మామూలే. కాల్షియం స్కోరు 86. "మీ వయసుకు ఇది ఎక్కువే, నాళాల్లో పని మొదలైంది" అన్నారు. ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

రోసువాస్టాటిన్ 5తో మొదలుపెట్టాను. ఆమె ఒక నియమం పెట్టారు. నొప్పి వస్తే రోజూ పుస్తకంలో రాయాలి, ఆ రోజు ఎంత నడిచానో కూడా రాయాలి, చెప్పకుండా మానకూడదు. రెండో వారం మళ్లీ పిక్కలు బరువెక్కాయి. పుస్తకం చూస్తే నడక ఎక్కువైన రోజుల్లో ఎక్కువ, ఆదివారాలు తక్కువ. నాలుగో వారానికి పోయింది. ఆరు వారాల తర్వాత ఎల్‌డీఎల్ 94.

నా అనుమానం పూర్తిగా పోలేదు. మొదట రాసిన 20 నాకు సరిపడలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను, దాన్ని నిరూపించలేను. జీవితాంతం అన్న మాట ఇప్పటికీ బరువుగానే ఉంది. కానీ ఈసారి ఎందుకు వేసుకుంటున్నానో నాకు తెలుసు.

మా తమ్ముడికి 47. వాడికి లిపిడ్ పరీక్ష ఎప్పుడూ చేయించలేదు. ఈ శనివారం తీసుకెళుతున్నాను.

అక్కయ్యపాలెం_అక్క
తమ్ముణ్ణి తప్పకుండా తీసుకెళ్లు. వాడు వద్దంటే నా చేత ఫోను చేయించు.

లెక్కల_మాస్టారు
ఆ నొప్పుల పుస్తకం పేజీలు పేరు తీసేసి ఇక్కడ పెట్టగలరా? నడక కిలోమీటర్లు ఒక గడిలో, నొప్పి మార్కులు ఒక గడిలో. నేను గీత గీసి చూస్తాను. వచ్చే పరీక్షలో షుగరు ఎంత వచ్చిందో కూడా రాయండి.

సాగరతీరం52
పెడతాను మాస్టారూ. నా చేతిరాత మీకు అర్థమవుతుందో లేదో గానీ, రేపు ఫొటో తీసి పెడతాను.